‘ప్రేరణ’ – పదవిచారము



ఒక యింట ప్రతిదినము జరుగు విషయము నూహింపుడు. తాతగారు వేకువనే లేచి మనుమనిచేత స్నానము చేయించుదురు, విభూతి ధరింపజేయుదురు, లింగపూజ చేయించుదురు, పిమ్మట పాఠము చదివించుదురు. ఒకనాడు ఆయన పొరుగూరు వెళ్లవలసి వచ్చినది. సాయంకాలము తిరిగి వచ్చి, “నాయనా, ఈ దినము పూజ చేసితివా?” యని యడిగిరి. “ఎవ్వరును చేయించలేదు, తాతా!” యని బాలుడు బదులు చెప్పెను.

బాలుని మాటలో అసత్యము లేదు, వ్యాకరణదోషమును లేదు. అయినను ఆ మాట విన్న తాతగారి మనస్సు చివుక్కుమనక మానదు. ఇన్ని దినములు ఆ యింట పూజ చేసినవారెవరు? మనుమడా, తాతయా? “చేయుట”కును “చేయించుట”కును నడుమనున్న యీ సంబంధమునకే మన శాస్త్రములలో “ప్రేరణ” యని పేరు. ఈ పదముయొక్క పుట్టుకను, అర్థమును, ప్రయోగమును తెలిసికొన్నచో తాతగారి ప్రశ్నకు సమాధానము కొంతవరకు లభింపగలదు.

పదనిర్మాణము

“ప్రేరణ” తత్సమపదము. ఇందు “ప్ర” యనునది ఉపసర్గ. “ఈర్” అనునది ధాతువు. ఈ ధాతువునకు కదలుట, కదల్చుట, విసరుట అను నర్థములు కలవు. ప్ర + ఈరణ అనుచోట అకారమునకు ఈకారము పరమై, రెండింటికిని ఏకారము వచ్చుటచే “ప్రేరణ” యైనది. ఇది గుణసంధి. “ప్ర” యనగా ముందునకు. కావున ప్రేరణ యనగా ముందునకు కదల్చుట.

ఈ ధాతువునుండి పుట్టిన మరికొన్ని పదములును మనకు పరిచితములే. గాలికి “సమీరము”, “సమీరణుడు” అని పేర్లు. గాలి కంటికి కనబడదు. ఆకు కదలినప్పుడు గాలి వీచుచున్నదని తెలియును. నోట వెలువడిన మాటను “ఉదీరితము” అందురు. మనస్సులో నున్నది కదలి పైకి వచ్చుటయే ఉదీరణము. ప్రేరణయు నిట్టిదే. అది కనబడునది కాదు. పని జరిగినపిమ్మట దానిని బట్టి యూహింపదగినది.

కదలించువాడు ప్రేరకుడు, కదలింపబడినవాడు ప్రేరితుడు. తెలుగున “ప్రేరణ”, “ప్రేరణము” అను రెండు రూపములును వాడుకలో నున్నవి. క్రియారూపములు “ప్రేరించు”, “ప్రేరేపించు”. “ప్రేరేపణ” యను రూపము న్యాయస్థానములలోను, పత్రికలలోను తరచుగా దుష్కార్యమునకు పురికొల్పుట యను నర్థమున వినబడుచున్నది. “ప్రేరణ” మాత్రము నేటి వాడుకలో ప్రాయికముగా మంచి యర్థమునకే నిలిచినది. “ఆ మహనీయుని జీవితము పలువురకు ప్రేరణ నిచ్చినది” అనుట సరియైన ప్రయోగము. “అతడు దొంగతనమునకు ప్రేరణ నిచ్చెను” అనుట చెవికి పొసగదు. అచట “ప్రేరేపించెను” అనుటయే యుచితము.

వ్యాకరణమున ప్రేరణ

తెలుగున ప్రేరణార్థమును తెలుపునది “ఇంచు” అను చేరిక. చేయు – చేయించు; వ్రాయు – వ్రాయించు; చదువు – చదివించు; కట్టు – కట్టించు; తిను – తినిపించు. పరవస్తు చిన్నయసూరి 1858 నాటి తన బాలవ్యాకరణమున, క్రియాపరిచ్ఛేదములో, ఈ “ఇంచుక్కు”ను ప్రత్యేకముగా విధించెను. సంస్కృతమున ఈ కార్యమును “ణిచ్” ప్రత్యయము నెరవేర్చును.

“గురువు శిష్యునిచేత పాఠము చదివించెను” అను వాక్యమును చూడుడు. ఇందు చదివినవాడు శిష్యుడు. చదివించినవాడు గురువు. గురువును ప్రయోజకకర్త యనియు, శిష్యుని ప్రయోజ్యకర్త యనియు వ్యాకరణజ్ఞులు చెప్పుదురు. ఇద్దరికిని “కర్త” యను పేరు తప్పలేదు. పాణిని మహర్షి క్రియయందు స్వతంత్రుడైనవానిని కర్తయని నిర్వచించి, ఆ కర్తను కదలించువానికి “హేతువు” అనియు “కర్త” యనియు రెండు సంజ్ఞలు చేసెను. ఒకడు చేయించినంతమాత్రమున చేసినవాని కర్తృత్వము పోలేదు. చేసినవాడు వేరొకడైనంతమాత్రమున చేయించినవాని బాధ్యతయు తొలగలేదు.

లోకన్యాయమును ఇట్లే యున్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతి నేరము చేసినవానినే గాక, నేరమునకు ప్రేరేపించినవానిని గూడ శిక్షార్హునిగా నెంచినది. దాని స్థానమున 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితయు నట్లే యెంచుచున్నది. “వాడు చెప్పినందున చేసితిని” అని చేసినవాడు తప్పించుకొనజాలడు. “నేను చేయలేదు, చెప్పితిని మాత్రమే” అని చెప్పినవాడును తప్పించుకొనజాలడు.

ఇక “చేత” యను విభక్తిప్రత్యయమును గమనింపుడు. “కత్తిచేత కోసెను”, “కూలివానిచేత కోయించెను” – ఈ రెండు వాక్యములలోను “చేత” యే యున్నది. కాని కత్తి కరణము, అనగా పనిముట్టు మాత్రమే, కూలివాడు కర్త. ఈ భేదమును తెలుపునది క్రియారూపము. కత్తి విషయమున “కోసెను” అనినచో చాలును. కూలివాని విషయమున “కోయించెను” అని తీరవలెను. ఏలయన అతనికి ఇచ్ఛ కలదు, నేర్పు కలదు, కాదనగల శక్తియు కలదు. జడమైన దానిని వాడుకొందుము, చేతనుడైనవానిని ప్రేరేపింతుము. మనిషిని పనిముట్టుగా చూచినచోట “ఇంచు” నోట మిగిలినను ప్రేరణ యుండదు.

సత్రము కట్టించిన దాత పేరు శిలాఫలకముపై నుండును. కట్టిన తాపీపనివాని పేరు సాధారణముగా నుండదు. వ్యాకరణము మాత్రము ఇద్దరికిని కర్తృపదవి నిచ్చియే యున్నది.

సోదరపదములు – వాని తారతమ్యము

ప్రేరణకు దగ్గరి యర్థము గల పదములు తెలుగున పెక్కు కలవు. ఒకదాని చోట మరియొకదానిని వాడినచో అర్థము చెడును.

చోదన: “చుద్” ధాతువునుండి పుట్టినది. గాయత్రీమంత్రము ముగియునట్టి “ప్రచోదయాత్” అను క్రియాపదమున నున్నది ఈ ధాతువే. మీమాంసాసూత్రకర్తయైన జైమిని ధర్మమెట్టిదని విచారించుచు చోదనను దానికి గుర్తుగా చెప్పెను. అచట చోదన యనగా కార్యమునందు ప్రవర్తింపజేయు వేదవాక్యము. నేడు బండి నడపువానిని “వాహనచోదకుడు” అనుచున్నాము. “చోదకశక్తి” యనగా యంత్రమునుగాని, ఉద్యమమునుగాని ముందునకు నడపు బలము. చోదనలో ఆజ్ఞాభావము హెచ్చు. ప్రేరణలో ఇచ్ఛను మేల్కొలుపు భావము హెచ్చు.

ప్రోత్సాహము: ఉత్సాహమునకు ముందు “ప్ర” చేరగా నేర్పడినది. పని యారంభించినవానికి ఇచ్చునది ప్రోత్సాహము. పని యారంభింపజేయునది ప్రేరణ.

ఉత్తేజము: పదును పెట్టుట యను నర్థము గల “తిజ్” ధాతువునుండి వచ్చినది. ఉన్న శక్తికి పదును పెట్టుటయే ఉత్తేజపరచుట.

ప్రోద్బలము: వెనుకనుండి వేరొకరి బలము పనిచేయుట. “ఎవరి ప్రోద్బలముతో ఈ తగవునకు వచ్చితివి?” అందురు. ఇందు నింద కొంత ధ్వనించును.

పురికొల్పు: అచ్చతెలుగు మాట. మంచికిని చెడుకును చెల్లును.

ఉసిగొల్పు: కుక్కను మీదికి తోలుటయందు వాడబడు మాట. మనుష్యులయెడ వాడినచో తిట్టుతో సమానము.

ఎగదోయు: పొయ్యిలోని కట్టెను మంట పెరుగుటకై లోపలికి నెట్టుట. దానినుండి, కలహమును పెంచుట యను నర్థము వచ్చినది. “ఆమె మాటలతో ఎగదోసినది” అందురు.

తోలు: ఎద్దును, బండిని నడుపుట. తోలువానికి ములుకోల కావలెను. ములుకోల తగిలినంతసేపు ఎద్దు నడచును, తీసినంతనే నిలుచును. అయితే పాతకాపు ఎద్దును చూచినవారెఱుగుదురు: మోట దగ్గరకు, పొలము గట్టునకు అది తోలకుండనే పోవును. దారి దాని కాళ్లకు తెలిసిపోయినది. “బసవ” యను నామము “వృషభ” శబ్దమునకు తద్భవమని స్మరించినచో, తోలించుకొను ఎద్దునకును, దారి యెఱిగిన యెద్దునకును గల యంతరము మనకు మఱింత సార్థకముగా తోచును.

మొదటి బాలుని కథలో తాతగారు చేసినది ప్రేరణయా, తోలుటయా యని ఇప్పుడు విచారింపవలెను.

భౌతికశాస్త్రమున ప్రేరణ

ఈ పదమునకు విజ్ఞానశాస్త్రమున నొక విశేషార్థము కలదు. ఉన్నత పాఠశాలల భౌతికశాస్త్ర పాఠములలో “విద్యుదయస్కాంత ప్రేరణ” యను ప్రకరణము కానవచ్చును. 1831లో మైకేల్ ఫారడే యను శాస్త్రజ్ఞుడు దీనిని ప్రదర్శించెను. రాగితీగను చుట్టగా చుట్టి, అందులోనికి అయస్కాంతమును వేగముగా చొప్పించినను, వెలికి తీసినను తీగలో విద్యుత్తు ప్రవహించును. అయస్కాంతము తీగను తాకనక్కరలేదు. అయితే అయస్కాంతము ఎంత గొప్పదైనను, అదియు చుట్టయు కదలక నిలిచియున్నచో తీగలో విద్యుత్తు పుట్టదు. మార్పు ఉన్నంతసేపే ప్రేరణ యుండును. నేటి విద్యుదుత్పాదక యంత్రములలో పెక్కింటికి ఇదియే మూలసూత్రము.

పాఠ్యగ్రంథకర్తలు ఈ క్రియకు “ప్రేరణ” యను పేరు పెట్టుట మిక్కిలి సమంజసము. తాకకుండ కదల్చుటయే దాని స్వభావము. తాను కదలక ఎదుటివానిని కదల్చ జూచుట ఇచటను చెల్లలేదు.

ఉపాధ్యాయ శిక్షణలో బోధించు మనశ్శాస్త్రమునను “ప్రేరణ” ముఖ్యాంశము. బహుమానము, దండనము, పొగడ్త మొదలగు వానివలన కలుగునది బాహ్యప్రేరణ. పనియందలి ఇష్టమువలన, తెలిసికొనవలెనను కుతూహలమువలన కలుగునది అంతర్గత ప్రేరణ. మొదటిది కారణము తొలగగానే తొలగును. రెండవది మనిషితో కూడ నుండును.

ప్రేరకుడైన పరమేశ్వరుడు

ఉపనిషత్తులలో “కేనోపనిషత్తు” అను పేరే ఒక ప్రశ్న. “కేన” యనగా “ఎవనిచేత?” మనస్సు ఎవనిచేత కదలింపబడుచున్నది? వాక్కు ఎవనిచేత పలికింపబడుచున్నది? అని శిష్యుడు ప్రశ్నించును. వ్యాకరణమున ప్రయోజ్యకర్తను తెలిపిన “చేత” విభక్తియే ఇచట ప్రయోజకుని వెదకుటకు సాధనమైనది. శ్వేతాశ్వతరోపనిషత్తు ప్రథమాధ్యాయము పరమేశ్వరుని “ప్రేరితృ” శబ్దముతోనే, అనగా ప్రేరేపించువాడను పేరుతోనే, నిర్దేశించినది.

ఇచట సామాన్యభక్తునకు ఒక సందేహము కలుగును. శివుడే చేయించువాడైనచో మంచిచెడ్డల భారము మనపై నెట్లుండును? “అంతయు శివుడే చేయించుచున్నాడు” అని సోమరియు ననవచ్చును, దోషియు ననవచ్చును గదా! దీనికి పూర్వోక్తమైన వ్యాకరణమర్యాదయే మంచి సమాధానము. ప్రేరకుడు హేతువు, ప్రేరితుడు కర్త. శివుడు మనలను కత్తివలె వాడుకొనుట లేదు. కర్తలనుగా జేసి కదల్చుచున్నాడు. కావున కదలిక ఆయనది, నడత మనది.

శరణుల నడతలో ప్రేరణ

పండ్రెండవ శతాబ్దమున కల్యాణమున, అనగా నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణమున, బసవేశ్వరుడు బోధించిన కాయకమునకు ఈ పదవిచారముతో సన్నిహిత సంబంధము కలదు. “కాయకము” అను పదమున “కాయము” ఉన్నది. తన కాయముతో తాను చేయునదే కాయకము. ధర్మకార్యములలో పెక్కింటిని ఇతరులచేత చేయింపవచ్చును. సత్రము కట్టింపవచ్చును, చెరువు త్రవ్వింపవచ్చును. తన కాయకమును మాత్రము ఇతరునిచేత చేయించి తనదనుకొనుటకు వీలులేదు. ఆ క్రియకు “ఇంచు” చేర్చినచో పదము నిలుచునుగాని ధర్మము నిలువదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము ఇందుకు నిదర్శనము. కన్నడమున “ఆయ్దక్కి” యనగా ఏరిన బియ్యము. వీరు నేటి రాయచూరు జిల్లాలోని అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చినవారని సంప్రదాయము. నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. వానిని వండి జంగమదాసోహము చేసి, శేషమును ప్రసాదముగా గ్రహించుట వారి వ్రతము. ఒకనాడు మారయ్య శరణుల గోష్ఠిలో మైమరచి కాయకవేళను మరచెను. లక్కమ్మ వచ్చి వేళ మించుచున్నదని గుర్తుచేసి యతనిని పంపెను. మరియొకనాడు బియ్యము ఎక్కువగా కనబడుటచే అతడు అలవాటునకు మించి తెచ్చెను. ఆమె దానిని చూచి, అవసరమునకు మించిన దానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని చెప్పెను. మారయ్య మారుమాటలాడక మరలిపోయి పోసివచ్చెను.

ఈ వృత్తాంతమును పదవిచారదృష్టితో పరిశీలింపుడు. ఏరిన చేతులు ఆ నాటివే, ఈ నాటివే. బియ్యమును అదే. దొంగతనము లేదు, అబద్ధము లేదు. మారినది ఒక్కటే – చేతులను కదల్చిన ప్రేరణ. నిన్నటివరకు అవసరము కదల్చినది. నేడు ఆశ కదల్చినది. ఇతరుల కంటికి బియ్యపు మూటయే కనబడినది. లక్కమ్మకు ఆ మూటను మోయించినది కనబడినది.

ఇంకొక విషయము. లక్కమ్మ తానే మూట తీసికొనిపోయి పారబోయలేదు. తెచ్చినవానిచేతనే మరల పోయించెను. మొదటిసారి గోష్ఠినుండి కాయకమునకు పంపినప్పుడును, గింజలు ఏరినవాడు మారయ్యయే. ఆమె హేతువు, అతడు కర్త. భర్త కర్తృత్వమునకు భంగము రానీయక అతనిని తన దారికి తాను మరలునట్లు చేసినది. ప్రేరణ యను పదమున కింతకంటె శుద్ధమైన ఉదాహరణము దొరకుట యరుదు.

షట్స్థల సాధనలో భక్తునకు చెప్పిన శ్రద్ధాభక్తి మొదలుకొని ఐక్యునకు చెప్పిన సమరసభక్తివరకు గల ఆరు మెట్లను ఈ దృష్టితో చూడవచ్చును. మొదట గురువు దీక్షనిచ్చి దారి చూపును. ఆ దశయందు ప్రేరణ వెలుపలినుండి వచ్చినట్లే తోచును. పోనుపోను అది నిష్ఠయై, అవధానమై, అనుభావమై లోపలనుండి కలుగును. సమరసమున ప్రేరకుడు వేరు, ప్రేరితుడు వేరు అను మాటయే యుండదు. కావున చిన్నతనమున పెద్దలు చేయించుటలో తప్పు లేదు. “చేయించుట” మొదటి మెట్టు. అదియే చివరి మెట్టుగా మిగిలిపోవుట తప్పు.

ఉపసంహారము

ఇక తాతగారి ప్రశ్నకు రావలెను. ఆయన మనుమనిచేత పూజ చేయించుట మానవలసిన పని లేదు. ఆయన నిలిచిన చోటు మాత్రము మార్చుకొనవలసియున్నది. వెనుక నిలిచి తోలుటకు బదులు, ప్రక్కన మణెవేసికొని తన లింగమును తాను అరచేత నుంచుకొని కూర్చుండవలెను. ఎందుకు చేయుచున్నామో బాలుడు అడిగినప్పుడు విసుగుకొనక చెప్పవలెను. ఒకనాడు బాలుడు మరచినచో లక్కమ్మవలె వేళను గుర్తుచేసి ఊరకుండవలెను. అయస్కాంతము కదలినచో తీగలో విద్యుత్తు దానంతటదియే పుట్టును.

ప్రతివాడును దినము ముగిసిన పిమ్మట తాను చేసిన పనులను తలచుకొని, ఒక్కొక్కదానికి “కేన?” అను ప్రశ్న వేసికొనవలెను. దీనిని నాచేత చేయించినది భయమా? ఆశయా? పదిమంది మెప్పా? లేక భక్తియా? సమాధానము ప్రతిదినము సంతోషకరముగా నుండకపోవచ్చును. కాని ఆ ప్రశ్న వేసికొన్నవాడు మఱునాడు చేయు పనిలో భేదము తప్పక కనబడును.

అభ్యాసము

ఇంటిలోని పిల్లలచేత ఈ క్రింది వానిని వ్రాయింపుడు.

1. పాడు, విను, త్రవ్వు, కూర్చుండు – వీనికి ప్రేరణార్థక రూపములు వ్రాయుము.
2. “అమ్మ చెల్లెలిచేత ముగ్గు వేయించెను” – ఇందు ప్రయోజకకర్త యెవరు? ప్రయోజ్యకర్త యెవరు?
3. “చేత” ప్రత్యయమును పనిముట్టుకు ఒకమారు, కర్తకు ఒకమారు ప్రయోగించి రెండు వాక్యములు వ్రాయుము.
4. ప్రేరణ, ప్రోత్సాహము, ప్రోద్బలము – వీనిని భేదము తెలియునట్లు సొంతవాక్యములలో ప్రయోగింపుము.
5. ఎవ్వరును చెప్పకుండ ఈ వారము నీవు చేసిన మంచిపని యొకటి చెప్పుము. దానిని నీచేత చేయించినది ఏది?

చివరి ప్రశ్నకు పెద్దలును సమాధానము వ్రాసికొనుట మంచిది.